ఉదకమండలానికి ఊపిరి యంత్రంతో

కోయంబత్తూరులో కాపురమున్న మనవారికి ఉదకమండలం ఏమంత దూరం కాదు. ఎండ ముదిరితే మూటాముల్లె కట్టుకొని కొండెక్కడమూ, చలికి వణికి నాలుగు రోజులకే దిగిరావడమూ తాతల నాటినుంచి మనకున్న అలవాటే. అటువంటి ఊరికి వెళ్ళివచ్చిన సంగతి పత్రికలో వ్రాయడమెందుకని చదువరులు అడుగవచ్చు. ఈసారి మా మూటలలో ఒక కొత్త వస్తువు చేరినది. చేతిసంచిలో పట్టే చిన్న యంత్రం. అది లేనిదే మా ఆవిడకు సరైన నిద్ర లేదు. దానిని వెంటబెట్టుకొని మరొకరి ఇంట్లో రాత్రి గడపడం మాకు ఇదే మొదలు. అందువలన ఊరి సంగతికన్న యంత్రం సంగతే ఎక్కువగా వ్రాయవలసి వచ్చినది.

మా ఆవిడకు గురక ఉన్న మాట ఇంట్లో అందరికీ తెలుసు. బయటివారికి మాత్రం తెలియకూడదని ఆమె పట్టుదల. మగవాడు గురకపెడితే కుంభకర్ణుడని నవ్వి ఊరుకుంటారు. ఆడమనిషి గురకపెడితే ఆ నవ్వు వేరు. మన భాషలో గురక అన్నా, ఇక్కడివారి మాటలో కుఱట్టై అన్నా, సిగ్గు ఒక్కటే. పెళ్ళిళ్ళకు పోయినప్పుడు ఆడవారంతా ఒకే హాలులో పడుకుంటే, ఆమె తెల్లవార్లూ గోడకు చేరగిలబడి కూర్చున్న రోజులున్నవి.

గురకతో పోతే సరే అనుకోవచ్చు. కాని గురక మధ్యలో ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయేది. పక్కన పడుకున్నవారికి ఆ నిశ్శబ్దమే భయం. లోపల లెక్కపెట్టుకుంటూ ఉంటే, ఇరవై దాటిన తర్వాత పెద్ద ఉలికిపాటుతో ఊపిరి తిరిగి వచ్చేది. పొద్దున లేస్తూనే తలనొప్పి. కూర తరుగుతూ కునుకు. రక్తపుపోటుకు రెండు రకాల మాత్రలు మింగుతున్నా అది దిగివచ్చేది కాదు. చివరకు వైద్యుడు రాత్రి నిద్రను పరీక్ష చేయించమన్నారు. తలకూ, ఛాతికీ, వేలికీ తీగలు తగిలించి ఒక రాత్రంతా నిద్రపుచ్చి చూశారు. గంటకు ముప్ఫైనాలుగు సార్లు ఊపిరికి ఆటంకం కలుగుతున్నదని తేలినది. గంటకు అయిదు దాటితే రోగమనీ, ముప్ఫై దాటితే తీవ్రమనీ లెక్క. ఆగడమంటే పది సెకనులకు తక్కువ కాకుండా ఆగితేనే లెక్కలోకి తీసుకుంటారు.

ఇందులో కిటుకు ఏమంటే, మేలుకొని ఉన్నప్పుడు గొంతు చుట్టూ ఉన్న కండరాలు బిగువుగా ఉండి దారిని తెరచి ఉంచుతవి. నిద్రలో అవి వదులవుతవి. నాలుక వెనక్కు జారుతుంది. కొందరికి దారి ఇరుకై గురక వస్తుంది, మరికొందరికి దారి పూర్తిగా మూసుకుపోతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని అర నిమేషం లేపుతుంది. ఆ లేవడం మనిషికి గుర్తుండదు. రాత్రంతా ఇట్లా వందలసార్లు లేచినవాడు పగలు తూగక ఏమిచేస్తాడు? రక్తపుపోటూ, గుండెజబ్బూ ఆ దారినే వస్తవి. ఒళ్ళు బరువైనవారికీ, మెడ లావైనవారికీ ఇది ఎక్కువ. అయినా దవడ చిన్నదైతే సన్ననివారికీ వస్తుంది. ముట్లు నిలిచిన వయస్సులో ఆడవారికి పెరుగుతుంది. ఆ సంగతి తెలియక మన ఇళ్ళలో ఎందరు తల్లులు "వయసు మీద పడ్డది, అందుకే నీరసం" అని సరిపెట్టుకుంటున్నారో!

ఈ జబ్బుకు యంత్రం ఇస్తారని వినగానే మా అత్తగారు ప్రాణవాయువు పీపా అనుకొని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇది అది కాదు. గదిలో ఉన్న గాలినే వడకట్టి, కొద్ది ఒత్తిడితో గొట్టంగుండా ముక్కుకు పంపుతుంది, అంతే. పందిరి వాలకుండా రాట నిలబెట్టినట్లు, ఆ గాలి గొంతు గోడలు కూలకుండా నిలుపుతుంది. ఒత్తిడిని నీటి లోతుతో కొలుస్తారు. నాలుగు సెంటీమీటర్ల నుంచి ఇరవై దాకా పెట్టవచ్చును. మా ఆవిడకు తొమ్మిది. అంటే బెత్తెడు లోతు నీళ్ళలో గొట్టం ముంచి ఊదితే బుడగ పైకి రావడానికి ఎంత బలం కావాలో అంత.

దీనిని కనిపెట్టినవారు ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు వైద్యుడు కాలిన్ సల్లివాన్. 1980లో మొదటి రోగిపై వాడి చూసి, అయిదుగురు రోగుల ఫలితాలను 1981లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ప్రకటించారు. అంతకు ముందు జబ్బు ముదిరినవారికి గొంతులో రంధ్రం చేయడం తప్ప గట్టి వైద్యం లేదు. తొలి రోజులలో ఇల్లు ఊడ్చే గాలియంత్రపు మోటారును తిరగవేసి వాడారట. మోటారు మాట వచ్చినది కనుక చెప్పుకోవలసిన మాట మరొకటి ఉన్నది. 1937లో జి.డి. నాయుడుగారూ, డి. బాలసుందరం నాయుడుగారూ కలిసి దేశంలో మొదటి విద్యుత్ మోటారును మన కోయంబత్తూరులోనే చేశారు. మోటారు పంపుల కార్ఖానాలో గుమాస్తాపని చేసుకొని బ్రతికే మాకు, తలగడ పక్కన తిరిగే ఈ చిన్న మోటారు పరాయి వస్తువుగా తోచలేదు.

మాకు తోచకపోతే సరిపోతుందా? పెట్టుకొనవలసినది మా ఆవిడ కదా! మొదటి రాత్రి ముక్కు మీద తొడుగు, తలచుట్టూ పట్టీలు బిగించి దీపం ఆర్పగానే, ఎవరో ముఖం మీద విసనకర్ర విసిరినట్లున్నదని గంటలోపలే తీసి పారవేసినది. రెండో రాత్రి గాలి పక్కలనుంచి కారి కంట్లో కొట్టినది. మూడో రాత్రి నోరు తెరచి పడుకున్నందున నాలుక అట్టకట్టినది. నాలుగో రాత్రి గాలి మింగి పొద్దుటికి కడుపు ఉబ్బినది. అర్ధరాత్రి తనకు తెలియకుండానే తొడుగు ఊడదీసి పక్కన పెట్టిన రాత్రులు ఎన్నో. ఇది ఒకరిద్దరికి కాదు, చాలామందికి ఇట్లాగే అవుతుందని యంత్రమిచ్చినవారు చెప్పారు.

ఇవన్నీ ఒక ఎత్తు, ముక్కుపుడక ఒక ఎత్తు. రాయి ఎత్తుగా ఉన్నందున తొడుగు అంచు అక్కడ సరిగా అంటక గాలి ఈలవేసేది. తీసివేయమంటే మా అత్తగారు ఒప్పుకోరు. ముత్తైదువ రాత్రిపూట ముక్కు బోసిగా పడుకోవడమా అని ఆమె బాధ. ముక్కుపుటాలలో దూర్చుకునే రకం తొడుగు తెచ్చి చూస్తే పుడక శీల గుచ్చుకున్నది. చివరకు కంసాలిచేత పల్చని చిన్న రాయి పుడక చేయించి, ముక్కు మొత్తాన్ని కప్పే తొడుగు తీసుకుంటే ఇద్దరి మాటా నిలిచినది. ముఖానికి కొబ్బరినూనె రాసుకొని పెట్టుకుంటే తొడుగు జారుతుందనీ, జడలో పూలు తీసి పెట్టుకుంటే పట్టీలు సరిగా కూర్చుంటవనీ క్రమంగా తెలిసినది.

మచ్చిక చేసిన ఉపాయం మాత్రం చాలా సులువైనది. పగటిపూట పాటలు వింటూ అరగంట పెట్టుకొని కూర్చోవడం. నిద్ర ప్రసక్తి లేకుండా ముక్కుకు అలవాటు చేయడం. యంత్రంలో మరొక సౌకర్యమున్నది. గాలి మొదట మెల్లగా మొదలై అరగంటకో, నలభై నిమిషాలకో అసలు ఒత్తిడికి చేరుతుంది. ఆలోపల నిద్రపట్టిపోతుంది. ఆరు వారాలకు ఆమె రాత్రికి ఆరుగంటలు పెట్టుకోగలిగినది. తలనొప్పి పోయినది. రెండు నెలలకు వైద్యుడు ఒక మాత్ర తగ్గించారు.

అయినా ఇల్లు దాటి ఎక్కడా పడుకోనన్నది. ఎనిమిది నెలలు అట్లాగే గడిచినవి. ఇంతలో ఉదకమండలంలో ఉన్న ఆమె అన్నగారు, అంటే మా బావగారు, మనుమరాలికి పేరు పెడుతున్నామని కబురు పంపారు. "నా తోడబుట్టినదానివి, నువ్వు రాకపోతే బిడ్డను ఎవరి ఒడిలో పెట్టేది?" అని ఆయన అడిగిన తర్వాత రానని అనడానికి నోరు రాలేదు. యంత్రం సర్దుకొని బయలుదేరినాము.

మేట్టుపాళయం నుంచి ఉదకమండలం దాకా రైలుదారి నలభై ఆరు కిలోమీటర్లు. 1899లో కున్నూరుదాకా వచ్చి, 1908లో ఉదకమండలం చేరినది. 2005 నుంచి ప్రపంచ వారసత్వ సంపదలలో ఒకటి. ఈ నలభై ఆరు కిలోమీటర్లలో 208 వంపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. ఎక్కడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది. తొందరపడేవారికి బస్సులున్నవి. మా ఆవిడకు బస్సు వంపులు పడవు కనుక రైలే మేలనుకున్నాము.

కల్లారు దాటగానే అసలు ఏటవాలు మొదలవుతుంది. పట్టాల నడుమ పళ్ళున్న ఇనుపకమ్మీ వేసి ఉంటుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆబ్ట్ గారి పద్ధతి. ఇంజను కింద ఉన్న పళ్ళచక్రం ఆ కమ్మీని పట్టుకొని మెట్టుమెట్టుగా ఎక్కుతుంది. పన్నెండున్నర అడుగులకు ఒక అడుగు ఎత్తు. ఇంజను ముందుండి లాగదు. వెనుక నిలిచి పెట్టెలను పైకి తోస్తుంది. ఆవిరి ఇంజను కనుక నడుమ నడుమ ఆగి నీళ్ళు పట్టుకుంటుంది. హిల్‌గ్రోవ్ స్టేషనులో అందరమూ దిగి కాఫీ తాగుతూ ఉంటే, రొప్పుతున్న ఇంజనును చూసి మా ఆవిడ, "దానికీ నా యంత్రానికీ నీళ్ళు లేనిదే గడవదు" అన్నది. యంత్రంలో చిన్న నీళ్ళతొట్టి ఉన్నది. గాలి ఆ నీళ్ళమీదుగా పోయి తడిగా ముక్కుకు చేరుతుంది. మామూలు నీళ్ళు పోస్తే తొట్టికి గార పడుతుంది కనుక శుద్ధిచేసిన ఆవిరినీళ్ళే పోయాలి. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ళసీసాలు నిషేధం. అందుకని రెండు రోజులకు సరిపడా నీళ్ళను గాజుసీసాలో పోసుకొని, తువ్వాలులో చుట్టుకొని తెచ్చుకున్నాము.

కున్నూరులో ఆవిరి ఇంజను విడిచి డీజిలు ఇంజను తగిలిస్తారు. అక్కడినుంచి వెల్లింగ్టన్, అరువంకాడు, కేత్తి, లవ్‌డేల్. కేత్తిలోయ అంతా మెట్లుమెట్లుగా క్యారట్ మళ్ళు. చలిగాలి కిటికీలోనుంచి దూరినది. కోయంబత్తూరు సముద్రమట్టానికి నాలుగువందల మీటర్ల పైచిలుకు ఎత్తు. ఉదకమండలం రెండువేల రెండువందలు దాటుతుంది. అక్కడ గాలి సముద్రతీరంకన్న సుమారు నాలుగోవంతు పలుచన. యంత్రం తోసే గాలి సరిపోతుందా అని బయలుదేరేముందే అడిగి తెలుసుకున్నాము. ఇప్పటి యంత్రాలు చాలావరకు ఎత్తును తామే పసిగట్టి సర్దుకుంటవట. మాదీ ఆ రకమే.

బావగారికి ఒక చిన్న సరుకు వ్యాను ఉన్నది. రాత్రి రెండు మూడు గంటలకు క్యారట్టూ, ఉర్లగడ్డా ఎత్తుకొని కున్నూరు ఘాటు దిగి, తెల్లవారేసరికి మేట్టుపాళయం మండీకి చేర్చడం ఆయన పని. ఆ దారిలో పద్నాలుగు హెయిర్‌పిన్ వంపులు. ముప్ఫై ఏళ్ళుగా తోలుతున్నారు. ఈ మధ్య వదినగారు ఫోనులో మా ఆవిడతో గుసగుసగా చెప్పిన మాటలు మా మనసులో ఉన్నవి. గురక, నడుమ నిశ్శబ్దం, పగలు తూగడం, ఒకసారి బర్లియారు దగ్గర వ్యాను గోడకు రాసుకోవడం. అన్నీ మాకు తెలిసిన లక్షణాలే. పరీక్ష చేయించుకోమని మా ఆవిడ రెండుసార్లు చెప్పినది. "మగవాడు అలసిపోతే గురక రాదా అమ్మాయీ? ఆ తొడుగు తగిలించుకుంటే నాకు బండి ఎవరు అప్పజెపుతారు?" అని ఆయన నవ్వి తోసివేశారు.

నామకరణం చక్కగా జరిగినది. మేనత్త ఒడిలో బిడ్డను పెట్టి, బియ్యంలో పేరు వ్రాసి, చెవిలో మూడుసార్లు చెప్పించారు. మన ఊళ్ళనుంచి ఎన్నో తరాలక్రితం వచ్చినా, ఆ కొండమీద ఆ చలిలో మన తెలుగుమాటే ఆ బిడ్డ చెవిన మొదట పడినది. సగం అరవం కలిసిన తెలుగైనా అది మన తెలుగే.

రాత్రి పడుకునే వేళకు వదినగారు ఆప్యాయంగా బొగ్గుల కుంపటి తెచ్చి గదిలో పెట్టారు. మేము దండం పెట్టి దానిని బయట పెట్టించాము. మూసిన గదిలో బొగ్గులు కాలితే వాసన లేని విషవాయువు పుడుతుంది. యంత్రం గదిగాలినే పీల్చి ముక్కుకు పంపుతుంది కాని, దానిలోని విషాన్ని వడకట్టలేదు. యంత్రం లేనివారికైనా ఆ కుంపటి ప్రమాదమే. దోమల చుట్ట పొగా, సాంబ్రాణి పొగా కూడ యంత్రమున్న గదిలో పనికిరావు.

చలిదేశంలో మరొక చిక్కున్నది. తడిగాలి గొట్టంలో చల్లబడి నీరవుతుంది. గంటకల్లా గొట్టంలో హుక్కాలాగ గుడగుడ మొదలై చుక్కలు ముక్కు మీద పడ్డవి. యంత్రాన్ని మంచంకన్న దిగువన నేలమీద చిన్న పీట వేసి పెట్టి, గొట్టాన్ని కంబళి కిందుగా తెచ్చి, తేమను రెండు మెట్లు తగ్గిస్తే గుడగుడ ఆగినది. ఆమె నిద్రపోయినది.

ఒంటిగంట దాటాక కరెంటు పోయినది. గాలి ఆగితే మెలకువ వస్తుంది, వచ్చినది. తొడుగు తీసి పక్కన పెట్టి, అలసటమీద ఆమె మళ్ళీ కళ్ళు మూసినది. ఈ జబ్బుకు యంత్రం మందువంటిది కాదు, ఊతకర్రవంటిది. కర్ర పెట్టినంతసేపే నడక. తీసిన రాత్రే జబ్బు తిరిగి వస్తుంది. అయిదు నిమిషాలలో పాత గురక మొదలైనది. పాత నిశ్శబ్దాలూ మొదలైనవి.

ఆ వేళకే బావగారు వ్యాను తీయడానికి లేచి, టార్చి పట్టుకొని హాలులోకి వచ్చారు. గది తలుపు ఓరగా ఉన్నది. ఆయన నిలబడిపోయారు. గురక ఆగినది. ఆయన టార్చి ఆర్పి వింటున్నారు. చాలాసేపటికి ఊపిరి తిరిగి వచ్చినది. మళ్ళీ ఆగినది. మేము లేచి బయటకు వస్తే చేయి పట్టుకొని, "లేపు బావా, బిడ్డకు ఏదో అవుతున్నది" అన్నారు. ఆయనకు యాభైనాలుగేళ్ళు, చెల్లెలికి నలభై దాటినవి, అయినా నోటివెంట బిడ్డ అన్నమాటే వచ్చినది.

లేపనక్కరలేదనీ, ఆమెకు తెలియదనీ, ఎనిమిది నెలలక్రితం ప్రతి రాత్రీ ఇంతేననీ చెప్పాము. కాసేపు మాట్లాడలేదు. "నాదీ ఇట్లాగే ఉంటుందా?" అని అడిగారు. మేము జవాబు చెప్పేలోపల వంటింటి గుమ్మంలోనుంచి వదినగారి గొంతు వినిపించినది. "ఇంతకన్న ఎక్కువసేపు ఆగుతుంది. ముప్ఫైదాకా లెక్కపెడతాను. తర్వాత లెక్కపెట్టలేక భుజం తడతాను" అన్నది.

ఆయన బయటకు వెళ్ళి వ్యాను దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఆ రోజు సరుకును పక్కింటి కుర్రవాడిచేత పంపించారు. కరెంటు నాలుగింటికి వచ్చినది. మా ఆవిడ తొడుగు పెట్టుకొన్నది. ఆ తర్వాత గదిలో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

మరునాడు ఊరు చూడబోయాము. బావగారూ వచ్చారు. 1819లో మన కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ ఈ కొండ ఎక్కి, తర్వాత ఇక్కడ రాతిబంగళా కట్టి, చెరువు త్రవ్వించి ఊరు నిలిపారు. ఆ బంగళా ఉన్న చోటనే ఇప్పుడు ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ఉన్నది. ఊరు కట్టినది ఒక సల్లివాన్, ఊపిరి యంత్రం చేసినది ఒక సల్లివాన్. పేరు తప్ప ఇద్దరికీ చుట్టరికమున్నదని మేము చెప్పము. అయినా ఆ మాట వినగానే బావగారు రెండు రోజులలో మొదటిసారి నవ్వారు. "సల్లివాన్ పుణ్యాన ఇక్కడ బ్రతుకుతున్నాము. రెండో సల్లివాన్‌ను కూడ చూద్దాంలే" అన్నారు.

రెండు వారాలకు ఆయన కొండ దిగివచ్చి మా ఇంట్లో దిగి పరీక్ష చేయించుకున్నారు. గంటకు యాభైరెండు. వైద్యుడు యంత్రం అలవాటై, పగటితూగు పోయేదాకా రాత్రి బండి తోలవద్దన్నారు. రాబడి తగ్గుతుందని ఆయనకు దిగులే. మండీ బేరాలు పగటిపూటకు మార్చుకోవాలని చూస్తున్నారు. తొడుగుతో ఇప్పటికి మూడుగంటలదాకా పడుకోగలుగుతున్నారట. ప్రతి ఉదయం చెల్లెలికి ఫోనుచేసి లెక్క చెపుతారు. ఆమె మాస్టరమ్మలాగ విని, "రేపు నాలుగు కావాలి అన్నా" అంటుంది.

ఇటువంటి యంత్రంతో ప్రయాణం కట్టేవారికి మా అనుభవంలో పనికివచ్చిన మాటలు నాలుగు చెప్పి ముగిస్తాము. యంత్రాన్ని సామానులో వేయక చేతిసంచిలోనే ఉంచుకోవలెను. బయలుదేరేముందు తొట్టిలో నీళ్ళు పూర్తిగా వంపివేయవలెను, లేకపోతే ఒరిగినప్పుడు నీళ్ళు మోటారులోకి పోతవి. పాతయిళ్ళలో మంచం దగ్గర ప్లగ్గు ఉండదు కనుక పొడవాటి తీగ ఒకటి తీసుకుపోవలెను. కరెంటు నమ్మకం లేని ఊళ్ళకు, యంత్రానికి సరిపడే బ్యాటరీ దొరుకుతుంది, ఖర్చు భరించగలవారు కొనుక్కోవచ్చును. తొడుగును రోజూ సబ్బునీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టవలెను. వైద్యుని చీటీ నకలు ఒకటి సంచిలో ఉంటే తనిఖీవారికి చూపడానికి పనికివస్తుంది. ఒళ్ళు తగ్గితే కొందరికి ఒత్తిడి తగ్గించవచ్చును, పక్కకు తిరిగి పడుకుంటే కొందరికి మేలు. మద్యమూ, నిద్రమాత్రలూ గొంతును మరింత వదులుచేస్తవి.

అన్నిటికన్న ముందు, దిగే ఇంటివారికి మాట చెప్పివేయవలెను. మా ఆవిడ ఎనిమిది నెలలు దాచినదాన్ని ఒక కరెంటుకోత బయటపెట్టినది. దానివలన ఆమెకు పోయినదేమీ లేదు. వచ్చే మాసంలో తిరుప్పూరులో పెళ్ళి ఉన్నది. ఆడవారంతా ఒకే హాలులో పడుకుంటారట. ప్లగ్గు ఏ గోడకు ఉన్నదో కనుక్కోమని ఆమే మాకు పని చెప్పినది.